మెట్ల మీది ఖాళీ

నారాయణగూడలో నేను పనిచేసే డిగ్రీ కాలేజీలో స్టాఫ్ రూము చిన్నది. తెలుగు చెప్పే నాకూ, ఫిజిక్స్ చెప్పే హారతికీ కలిపి ఒకే బల్ల. ఆమె వారంలో సగం రోజులే వచ్చేది. మిగతా రోజులు అడిక్‌మెట్ పక్కనున్న యూనివర్సిటీలో రీసెర్చి. మధ్యాహ్నం డబ్బాలు విప్పుకుని కూరలు మార్చుకునేటప్పుడు ఆమె సంగతులు కొద్దికొద్దిగా నాకు తెలిశాయి. ఇప్పుడు చెప్పేది చాలావరకు ఆమె నోట విన్నదే, ఒక్క ఉదయం తప్ప. ఆ ఉదయం నేనూ అక్కడ ఉన్నాను.

హారతి చిక్కడపల్లి పిల్ల. తాతగారు మచిలీపట్నం నుంచి గుమాస్తా ఉద్యోగం మీద వచ్చి ఇక్కడే ఉండిపోయారు. తండ్రి చిన్నప్పుడే పోతే, బ్యాంకులో పనిచేసే తల్లి కుసుమగారే చదివించారు. చూడ్డానికి గట్టి మనిషి కాదు, గొంతు కూడా మెత్తనిదే, కానీ ఒకటి అర్థం కాకపోతే అర్థమయ్యేదాకా దాన్ని వదిలేది కాదు. క్లాసులో పిల్లలు ప్రశ్న వేస్తే, తెలియకపోతే తెలియదనే చెప్పి, మర్నాడు జవాబు పట్టుకొచ్చేది.

యూనివర్సిటీలో ఆమెకు సుధీంద్ర పరిచయమయ్యాడు. గద్వాల అబ్బాయి. చిన్నప్పుడు కాలు విరిగి సరిగ్గా అతుక్కోక కొంచెం కుంటుతూ నడిచేవాడు. ఇద్దరికీ గైడు ప్రొఫెసర్ దక్షిణామూర్తిగారు. హారతిది ప్రయోగం, సుధీంద్రది కంప్యూటర్ మీద లెక్క. పెళ్లి చేసుకుని అశోక్‌నగర్‌లో ఒక పాత బిల్డింగు డాబా మీద రెండు గదులు కిరాయికి తీసుకున్నారు. కింది అంతస్తులన్నీ హాస్టల్. గ్రూప్స్ పరీక్షలకు చదువుకునే కుర్రాళ్లు. మెస్సు గ్రౌండ్ ఫ్లోర్‌లో. పొద్దున టిఫిన్ వేళకు ప్లేట్లు పట్టుకున్న కుర్రాళ్ల వరుస మెస్సు గుమ్మంలో మొదలై, ఇరుకు మెట్ల మీదుగా డాబా దగ్గరదాకా వచ్చేసేది.

సరిగ్గా ఆ వేళకే సుధీంద్ర కిందికి దిగేవాడు. చేతిలో హెల్మెట్. గోడకు ఆనుకుని, ఒక మెట్టు దిగి, కాస్త ఆగి, ఇంకో మెట్టు. కుర్రాళ్లు ఇనుప రెయిలింగు వైపు ఒత్తుకుని అతనికి దారి ఇచ్చేవాళ్లు. మూడో అంతస్తు వాళ్లు జరిగితే రెండో అంతస్తు వాళ్లకు తెలిసేది, వాళ్లు జరిగితే కింది వాళ్లకు. అతను దాటిపోగానే వరుస మళ్లీ సర్దుకునేది. హారతి పైనుంచి చూస్తూ నవ్వుకునేదట, మొగుడు కనిపించకపోయినా ఎక్కడిదాకా దిగాడో తెలిసేదని.

ఇంట్లో వాళ్ల గొడవ కూడా ఫిజిక్సే. నేను తెలుగు మనిషిని కాబట్టి హారతి నాకు తేలిగ్గా చెప్పింది. మాలిబ్డినం, గంధకం కలిసిన ఒక నల్లటి పలుకును సెల్లోటేపుతో ఒలుచుకుంటూ పోతే చివరికి కంటికి ఆనని పొర ఒకటి మిగులుతుంది. అది అర్ధవాహకం, అంటే సెమీకండక్టర్. దాని మీద వెలుగు పడితే లోపల ఒక ఎలక్ట్రాన్ లేచి పై అంతస్తుకు వెళ్తుంది. అది లేచిన చోట ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీని రంధ్రం అంటారు. పక్కనున్న ఎలక్ట్రాన్ ఆ ఖాళీలోకి జరిగితే, ఖాళీ దాని చోటికి వెళ్లినట్టు. అలా ఏమీ లేని చోటు ఒక వస్తువులాగా నడుస్తుంది.

"నడిచేది నిజానికి మిగతావన్నీను. కానీ చూసేవాళ్లకు ఖాళీయే నడిచినట్టు కనిపిస్తుంది," అని చెప్పింది.

సుధీంద్ర లెక్క ప్రకారం ఎలక్ట్రాన్‌ను పైకి లేపాలంటే వెలుగుకు ఇంత శక్తి ఉండి తీరాలి, అంతకన్నా తక్కువైతే పొర దాన్ని మింగదు. కానీ హారతి కొలిస్తే, ఆ హద్దుకు చాలా కింద, ఒకచోట వెలుగు మాయమయ్యేది. తెరమీద సన్నటి, లోతైన గీత.

"అక్కడ ఏమీ లేదు, హారతీ," అనేవాడు సుధీంద్ర.

"ఏమీ లేకపోతే వెలుగును మింగుతున్నది ఎవరు?" అనేది ఈమె.

జవాబు ఇద్దరికీ పుస్తకాల్లో తెలిసిందే. లేచిన ఎలక్ట్రానూ, అది వదిలిన రంధ్రమూ ఒకదాన్నొకటి లాక్కుంటాయి. జతకట్టి, విడివిడిగా ఉండే దానికన్నా తక్కువ శక్తితో కలిసి ఉంటాయి. ఆ జత ఎంత గట్టిది అన్నది చుట్టూ ఉన్న మందిని బట్టి. మిగతా ఎలక్ట్రాన్లు మధ్యలోకి వచ్చి ఆ లాగుడును మెత్తబరుస్తాయి. మంది పెరిగితే జతకు మూడోది తగులుకుని ఇంకో గీత పుడుతుంది, మరీ కిక్కిరిస్తే జత విడిపోయి గీతే కరిగిపోతుంది. సుధీంద్ర లెక్కలో జత లేదు. దాన్ని కలపడం పెద్ద పని, తర్వాత చూద్దాం అంటూ వాయిదా వేస్తూ వచ్చాడు.

ఆ వానాకాలం అతనికి డెంగీ వచ్చింది. మామూలు జ్వరమే అనుకున్నారు. ప్లేట్‌లెట్లు పడిపోయి, హాస్పిటల్‌లో చేర్చాక ఇక ఇంటికి రాలేదు.

కర్మలయ్యాక కుసుమగారు కూతుర్ని చిక్కడపల్లిలోనే ఉండిపొమ్మన్నారు. హారతి ఉండలేదు. లాబ్‌కు దగ్గరని చెప్పి అశోక్‌నగర్ డాబా గదికే తిరిగి వచ్చింది. వచ్చిన మర్నాటి ఉదయం తలుపు తీసుకుని మెట్ల దగ్గర నిలబడిందట. కింద టిఫిన్ వరుస ఉంది. ఆమె చూస్తుండగానే పైమెట్టు మీది కుర్రాడు రెయిలింగు వైపు ఒత్తుకున్నాడు. తర్వాత వాడి కింది వాడు. తర్వాత వాడి కింది వాడు. గోడ పక్కన మనిషి పట్టేంత ఖాళీ ఏర్పడి, మెల్లగా కిందికి దిగింది. దిగాక వరుస సర్దుకుంది. తనకోసం దారి ఇచ్చారేమో అనుకుంది. కానీ ఆమె ఇంకా మొదటి మెట్టు మీద కాలు పెట్టలేదు.

అలవాటు అనుకుంది. ఆ కుర్రాళ్లు అతన్ని రోజూ చూసినవాళ్లు, ఆ వేళకు ఒళ్లే జరుగుతుంది. అందులో భయపడాల్సింది ఏముంది అని తనకు తాను చెప్పుకుని లాబ్‌కు వెళ్లింది. మర్నాడూ అదే. ఆ మర్నాడూ అదే. కొన్నాళ్లకు ఆమె తలుపు తీయకుండా, ప్లేట్ల చప్పుడు తగ్గేదాకా లోపలే కూర్చోవడం మొదలుపెట్టింది. అయినా తెలిసేదట. కుర్రాళ్లు జరిగేటప్పుడు చేతిలోని స్టీలు ప్లేట్లు రెయిలింగుకు తగిలి, ఆ టంగుమనే శబ్దం పైనుంచి కిందికి దిగుతూ పోయేది.

ఆ ఏడాది ఏదో పరీక్ష ఫలితాలు వచ్చి, పాతవాళ్లు చాలామంది ఊళ్లకు వెళ్లిపోయారు. కొత్త బ్యాచి దిగింది. సుధీంద్రను చూసినవాడు ఒక్కడూ హాస్టల్‌లో మిగల్లేదు. ఇక ఆగిపోతుందనుకుంది హారతి. ఆగలేదు.

కొత్తగా వచ్చినవాళ్లలో మక్తల్ నుంచి వచ్చిన ఎల్లేష్ అనే అతను ఉన్నాడు. ముప్పై ఏళ్లకు దగ్గరపడ్డ మనిషి, అమ్మానాన్నలు బిల్డింగు పనులకు ముషీరాబాద్ వైపు వలస వచ్చినవాళ్లు. నెమ్మదస్తుడు. హారతి అతన్ని ఒకరోజు డాబా మీద బట్టలు ఆరేస్తుంటే ఆపి అడిగింది, పొద్దున మెట్ల మీద ఎందుకు పక్కకు జరిగావని.

"ఎవరో దిగుతున్నరు గద మేడం," అన్నాడు.

"ఎవరు?"

ఎల్లేష్ తడిబట్ట విదిలించి తీగ మీద వేశాడు. "చూడలె. పైనోడు జరిగిండు, నేను జరిగిన."

ఆమె పైనున్న కుర్రాణ్ని కూడా వెతికి పట్టుకుంది. కింద వాళ్లందరూ జరుగుతుంటే చూసి తానూ జరిగానన్నాడు వాడు. అంటే పైవాడు కిందివాళ్లను చూసి, కిందివాళ్లు పైవాణ్ని చూసి. ముందుగా జరిగినవాడు ఎవడూ లేడు.

ఈ మాట ఆమె నాకు స్టాఫ్ రూములో చెప్పినప్పుడు నేను నమ్మలేదు. నిద్ర సరిగా లేదేమో, డాక్టరుకు చూపించుకోమన్నాను. ఆమె వాదించలేదు. తర్వాత కొన్నాళ్లకు పరీక్షల డ్యూటీకి ఇద్దరం కలిసి వెళ్లాల్సి వచ్చి, పొద్దున్నే ఆమె ఇంటికి వెళ్లాను. మెట్ల నిండా కుర్రాళ్లు. ఇడ్లీ వాసన, ఫోన్లలో కరెంట్ అఫైర్స్ వీడియోలు. "జర జరుగుర్రి అన్నా" అంటూ వాళ్లే నాకు దారి చేస్తున్నారు. రెండో అంతస్తు మలుపు దగ్గరికి వచ్చేసరికి పైనుంచి అందరూ రెయిలింగు వైపు ఒత్తుకోవడం చూశాను. నేనూ ఒత్తుకున్నాను. హ్యాండ్‌బ్యాగు కడుపుకు అదుముకుని, చీర కుచ్చిళ్లు చేత్తో దగ్గరికి లాక్కున్నాను. నా ముందు గోడ. గోడకు పాత సున్నం మీద కోచింగ్ సెంటర్ల పోస్టర్లు. మేమందరం అలా ఒత్తుకుని ఉన్నాం. మలుపు దగ్గర ఆ ఖాళీ కాసేపు అలాగే ఉండిపోయింది, ఎవరో ఆగినట్టు. తర్వాత కింది మెట్ల వాళ్లు జరిగారు, మా వరుస వదులైంది, నేను పైకి వెళ్లాను. హారతి తలుపు తీసి నా ముఖం చూసింది. అప్పుడు తెలిసింది నాకు, నా పక్కనుంచి ఎవరూ దిగలేదని.

ఆమె మంచినీళ్లు ఇచ్చింది.

"మలుపు దగ్గర ఆగింది కదూ," అని అడిగింది. "హెల్మెట్ ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకునేవాడు అక్కడ. కాలు నొప్పి పుట్టేది."

ఆ రోజు నుంచి నేను ఆమెకు డాక్టరు మాట ఎత్తలేదు. చిక్కడపల్లి వెళ్లిపొమ్మని మాత్రం బతిమాలాను. వెళ్లలేదు. భయం లేదా అంటే ఉందనేది. కానీ ఆమె మనిషి తీరు నాకు తెలుసు కదా, అర్థం కానిదాన్ని అలా వదిలేసి వెళ్లడం ఆమెవల్ల కాదు. రోజూ తలుపు తీసి నిలబడి చూడడం మొదలుపెట్టింది.

చూడగా చూడగా ఆమెకు కొన్ని తెలిశాయి. పరీక్ష దగ్గరపడి హాస్టల్‌లో కిక్కిరిసి, మెట్ల మీద రెండు వరుసలు నిలబడ్డ రోజుల్లో ఆ ఖాళీ మొదట చెదిరేది, తర్వాత బొత్తిగా కనిపించేది కాదు. జరగడానికి చోటు లేదు. జనం పలచబడ్డ రోజుల్లో మళ్లీ వచ్చేది. దసరాకు కుర్రాళ్లందరూ ఊళ్లకు పోయారు. ఆ సెలవుల్లో ఆమె పొద్దున్నే వెళ్లి మెట్ల మీద కూర్చుంది. ఎండ గోడ మీదికి ఎక్కేదాకా కూర్చుంది. ఏమీ లేదు. చలి లేదు, శబ్దం లేదు, ఎవరో ఉన్నారన్న అనుమానం కూడా లేదు. సిమెంటు మెట్లు, అంతే.

"అన్నిటికన్నా ఎక్కువ భయమేసింది అప్పుడే, అక్కా," అంది. "అతను లేడని ఆ రోజే తెలిసింది నాకు."

ఇదే కాలంలో లాబ్‌లో ఇంకో పని నడుస్తోంది. సుధీంద్ర వదిలేసిన లెక్కను వేరే విద్యార్థికి ఇద్దామన్నారు దక్షిణామూర్తిగారు. హారతి ఒప్పుకోలేదు, తానే నేర్చుకుంటానంది. ఆయన మంచివారు, రోజూ సాయంత్రం కూర్చోబెట్టుకుని చెప్పారు. ఎలక్ట్రాన్, రంధ్రం రెండింటినీ కలిపి, వాటి మధ్య లాగుడునూ, ఆ లాగుడును మెత్తబరిచే చుట్టుపక్కల మందినీ అన్నిటినీ లెక్కలోకి తీసుకున్నారు. కంప్యూటర్ చాలాకాలం తీసుకుంది. ఒక మధ్యాహ్నం ఫలితం వచ్చింది. లాబ్ కిటికీలకు నల్ల తెరలు, బయట ఎండ మండుతున్నా లోపల చీకటి. ఆ చీకట్లో కంప్యూటర్ తెరమీద ఆమె కొలిచిన గీత, దాని మీద లెక్క గీసిన గీత. రెండూ ఒకదాని మీద ఒకటి పడ్డాయి. సుధీంద్ర ఏమీ లేదన్న చోటనే.

దక్షిణామూర్తిగారు సంతోషంతో టీ తెప్పించారట. హారతి ఆ చీకటి గదిలోంచి బయటికి రాలేదు. వెలుగు తగలని చోట కూర్చుని ఒక సంగతి ఆలోచించుకుంది. ఆ సంగతి నాకు మర్నాడు చెప్పింది. ఎలక్ట్రాన్, రంధ్రం జతగా ఎంతోసేపు ఉండవు. ఎలక్ట్రాన్ తిరిగి ఆ ఖాళీలో పడిపోతుంది. పడితే ఖాళీ ఉండదు. ఒక చిన్న వెలుగు బయటికి వస్తుంది, అంతటితో సరి.

"ఏం చేద్దామని?" అన్నాను. నాకు ఆమె ముఖం చూస్తే దిగులేసింది.

"రేపు నేను కూడా దిగుతాను," అంది.

రమ్మంటే వస్తానన్నాను. వద్దంది, ఇంకో మనిషి ఉంటే లెక్క మారిపోతుందేమోనంది. అది నవ్వుతూ అందో నిజంగానే అందో నాకు ఇప్పటికీ తెలియదు.

మర్నాడు ఆమె తలుపు తీసి వాకిట్లో నిలబడింది. వరుస మరీ పలచగా లేదు, మరీ ఇరుకుగా లేదు. పైమెట్టు మీది కుర్రాడు రెయిలింగు వైపు ఒత్తుకున్నాడు. ఆమె వెంటనే గోడ పక్కకు వెళ్లి, ఆ ఖాళీలో కాలు పెట్టింది. దాని వెనక కాదు, లోపలే. తన నడక ప్రకారం నడిస్తే ముందున్న కుర్రాళ్లు ఇంకా జరగలేదు, వాళ్లకు తగిలేలా ఉంది. అందుకని నెమ్మదించింది. ఒక మెట్టు దిగి, కాస్త ఆగి, ఇంకో మెట్టు. అప్పుడు సరిపోయింది. ఆ నడక తనది కాదని ఆమె కాళ్లకు తెలుస్తూనే ఉంది. కుర్రాళ్లు ఎప్పటిలాగే ఫోన్లు చూసుకుంటూ, మాట్లాడుకుంటూ జరుగుతున్నారు. కొందరు ఆమె వైపు చూసి నమస్తే మేడం అన్నారు. కొందరి చూపు ఆమె భుజం పక్కగా, కొంచెం ఎత్తులో ఆగింది. సుధీంద్ర ఆమెకన్నా పొడుగు.

రెండో అంతస్తు మలుపు దగ్గర ముందువాళ్లు జరగలేదు. ఆమె ఆగింది. ఎంతసేపో తెలియదంది. తన రెండు చేతులూ ఖాళీగా ఉన్నాయి, అయినా కుడిచేతి వేళ్లు విప్పి ఎడంచేతి వేళ్లు ముడిచిందట. ముందువాళ్లు జరిగారు.

కింది మెట్టు దిగి మెస్సు గుమ్మం పక్కగా గేటు దగ్గరికి వచ్చేసింది. వెనక్కి తిరిగి చూస్తే వరుస ఇంకా సర్దుకోలేదు. మెట్ల పొడవునా కుర్రాళ్లందరూ రెయిలింగుకు ఒత్తుకుని అలాగే నిలబడి ఉన్నారు, మాటలు కూడా ఆపేసి. తర్వాత ఒక్కొక్కరే వదులయ్యారు. ఎల్లేష్ గుమ్మం దగ్గరే ఉన్నాడు. ఎందుకలా ఆగారని అతన్ని అడిగింది.

"మీరిద్దరు దిగెదాంక ఆగినం మేడం," అన్నాడు.

అని, తన నోట్లోంచి వచ్చిన మాట తానే విన్నట్టు ఆగిపోయాడు. ఆమె వెనక్కీ, గేటు బయటికీ చూశాడు. హారతి ఆ వేళ లాబ్‌కు పోకుండా నడుచుకుంటూ చిక్కడపల్లి వెళ్లి, తల్లి పక్కన పడుకుని సాయంత్రందాకా నిద్రపోయింది. సుధీంద్ర పోయాక అంత నిద్ర ఎప్పుడూ పట్టలేదని కుసుమగారు తర్వాత నాతో అన్నారు.

ఆ తర్వాత మెట్ల మీద ఖాళీ రాలేదు. మర్నాడూ లేదు, ఆ పైవారమూ లేదు. కుర్రాళ్లు గోడదాకా నిండుగా నిలబడుతున్నారు, దిగాలంటే భుజాలతో తోసుకోవాలి. హారతి చాలారోజులు తలుపు దగ్గర నిలబడి చూసింది. ఒకరోజు డబ్బా మూత తీస్తూ నాతో అంది, "నేనే పోగొట్టుకున్నాను అక్కా."

అలా అవుతుందని ముందు తెలియదా అని అడిగాను.

"తెలుసు," అంది. అన్నం కలుపుకుని తిన్నది.

థీసిస్ పూర్తయింది. వైవాకు నేనూ, కుసుమగారూ వెళ్లి వెనక కుర్చీల్లో కూర్చున్నాం. బయటినుంచి వచ్చిన ఎగ్జామినర్ పెద్దమనిషి, చాలా ప్రశ్నలు వేశాక, చివర్లో కాస్త సరదాగా అడిగాడు, ఈ రంధ్రం అనేది నిజంగా ఉన్న వస్తువా, లెక్క తేలిక కోసం మనం పెట్టుకున్న పేరా అని. గదిలో అందరూ చిరునవ్వు నవ్వారు. హారతి నవ్వలేదు. బల్ల అంచు పట్టుకుని నిలబడింది. దక్షిణామూర్తిగారు కుర్చీలో ముందుకు వంగారు.

"దానికి బరువుంది సార్," అంది చివరికి. "కొలిచాను."

ఎగ్జామినర్ సంతృప్తిగా తలూపాడు. రంధ్రానికి బరువు ఉండడం వాళ్ల శాస్త్రంలో మామూలు మాటేనట. కుసుమగారు మాత్రం చీర చెంగుతో కళ్లు ఒత్తుకున్నారు.

ఇప్పుడు హారతి మా కాలేజీలోనే పూర్తి టైము పనిచేస్తోంది. ఆమే, దక్షిణామూర్తిగారూ అచ్చువేయించిన రీసెర్చి పేపరులో మొదటి పేరు సుధీంద్రది. ఎల్లేష్‌కు గ్రూప్-ఫోర్ వచ్చింది. జడ్చర్లలో చేరాడు, వెళ్లేముందు ఆమెకు చెప్పడానికి పైకి వచ్చాడు కానీ ఆ రోజు మాట ఇద్దరూ ఎత్తలేదు. ఆమె గాంధీనగర్‌లో తల్లికీ తనకూ ఒక ఫ్లాటు చూసుకుంది, వచ్చే నెల మారుతున్నారు.

నా ఇల్లు చిక్కడపల్లిలో. సాయంత్రం కూరగాయలకు మార్కెట్‌కు వెళ్తే భుజాలు రాసుకునేంత జనం. అప్పుడప్పుడు ముందున్నవాళ్లు ఉన్నట్టుండి ఒక పక్కకు ఒత్తుకుంటారు. సంచి దగ్గరికి లాక్కుని నేనూ ఒత్తుకుంటాను. ఎవరు వస్తున్నారని తల ఎత్తి చూడను.